పంటితో విన్న చప్పుడు

పొద్దున్నే తాళం తిప్పితే చాలు
కత్తి సాన పట్టినట్టు కీచుమనేది కారు.
ఏసీ వేస్తే ఇంకో మెట్టు పైకి.
స్టీరింగ్ పూర్తిగా తిప్పితే
తోక తొక్కిన పిల్లి.
కిరాయికెక్కినోళ్లు కర్నూలు రోడ్డు పొడుగునా
చెవులు మూసుకుని
దిగేటప్పుడు యాభై తగ్గించమనేవాళ్లు.

ఒంగోల్లో ఒకతను బెల్టు మార్చాడు, పన్నెండు వందలు.
నాలుగు రోజులు నోరు మూసుకుంది.
పొదిలిలో ఇంకొకతను సబ్బు రాశాడు.
పక్కన టీ కొట్టాయన కొబ్బరినూనె పూయమన్నాడు,
పూశాను కూడా, సిగ్గు విడిచి చెబుతున్నా.
ఆ సాయంత్రమే బెల్టు జారి, ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగి,
మర్రిపూడి దగ్గర రాత్రంతా
దోమలకు ఉచిత కిరాయి.

"చీమకుర్తిలో ఏసోబు దగ్గరికి పో,
ఆయనకు చెవులు వినపడవు గానీ..."
మాట పూర్తి చేయకుండానే
లారీ ఎక్కేశాడు ఆ క్లీనరు.

రేకుల షెడ్డు. కూర్చోడానికి విరిగిన గ్రానైట్ పలక.
నేను అరిచి అరిచి చెబుతుంటే
ఏసోబు నా నోటివైపు కాదు,
వణికే బానెట్ వైపు చూశాడు.
కుర్రాడు మీరావలి చెంబుతో నీళ్లు తెచ్చి
తిరిగే బెల్టు గాడుల మీద చిలకరించాడు,
తగ్గిందీ లేదు పెరిగిందీ లేదని
వేళ్లతో ఆయనకు చెప్పాడు.
"అయితే బెల్టు పాపం లేదు!"
అంత గట్టిగానా అనుకున్నాను.
తన గొంతు తనకు చేరని మనిషి కదా.

అప్పుడు తీశాడు మూరెడు స్క్రూడ్రైవర్.
చెక్క పిడి నిండా పంటిగాట్లు.
మొన ఆల్టర్నేటర్ బోల్టు మీద ఆనించి
పిడి కొరికి పట్టి
కళ్లు మూశాడు.
కాదు.
కంప్రెసర్. కాదు.
టెన్షనర్ దగ్గర కాసేపు ఆగి, ఊహూఁ.
కింద మూలన, నేనెప్పుడూ పేరడగని
ఐడ్లర్ పుల్లీ దగ్గర
ఆయన కనుబొమలు లేచాయి,
తెలిసినవాళ్లెవరో తలుపు తట్టినట్టు.

బెల్టు ఊడదీసి ఒక్క నిమిషం ఇంజను తిప్పితే
కూత లేదు.
పుల్లీని చేత్తో తిప్పితే
గరగరా, నోట్లో ఇసుక పడ్డ అన్నం.
బేరింగు మూత గోటితో లేపాడు.
గ్రీజు ఎప్పుడో బురదైపోయింది.
బొటనవేలి మీద రుద్ది ఎండకు పట్టాడు:
నల్లటి జిడ్డులో బంగారు చుక్కలు.
గెలాక్సీ రాయి.
"రామతీర్థం క్వారీలకు తోలతావా?"
నాలుగేళ్లుగా, అని నాలుగు వేళ్లు చూపించాను.
"ఇదే" అని తన చెవులు చూపించాడు.
ఇంకేమీ అనలేదు.

మిగతాది మీరావలి చెప్పాడు, స్పానరు బిగిస్తూ,
టీ ధర చెప్పినట్టు.
తూటా ముందే పేలిందంట.
ఇద్దరు పోయారంట.
మేస్త్రికి కర్ణభేరులు చిరిగాయి,
ఎముక మాత్రం వింటదన్నా.

బేరింగు రెండొందల ఎనభై, కూలి వంద.
అయిదొందలిస్తే
నూట ఇరవై లెక్కపెట్టి ఇచ్చాడు, జేబులో కుక్కబోతే ఊరుకోలేదు.

స్టార్ట్ చేశాను.
ఎన్నాళ్ల తర్వాతో
వైపరు కదలడం, సీటు కింద చిల్లర దొర్లడం వినపడ్డాయి.
ఆయన స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు:
"నువ్వూ చూడబ్బాయా."
పిడి తుడుద్దామనుకుని, తుడవకుండానే కొరికాను.
ఉప్పు, డీజిలు, పాత చెక్క.
ఇంజను నా దవడలో ఒదిగి కూర్చుంది.
సరేనని ఆపేశాను, పిడి ఇంకా పళ్ల మధ్యే ఉంది.

అంతలో అది ఒక్కసారి కదిలింది.
ఏసోబు కొండవైపు తిరిగాడు.
ఆ తర్వాతే
మధ్యాహ్నం తూటా చప్పుడు
నా చెవులదాకా వచ్చింది.